మేము ఉప్మా వడ్డించిన శిక్షణ

మొన్న కళ్యాణదుర్గంలో మా అన్న ఇంటికి పోతే, బడిలో చిన్నపిల్లల తరగతికి సహాయకురాలిగా కొత్తగా చేరిన మా మేనకోడలు విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. పక్కన గూట్లో ఫోను నిలబెట్టి ఉంది. అందులో ఎవరో మేడం చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది గానీ మాట మాత్రం బయటికి రావడం లేదు. ఏమిటే అది అంటే, శిక్షణంట. “ఎవరు ఇంటారత్తా, చివరిదాకా ఆడితే చాలు, సర్టిఫికెట్టు వస్తాది” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. దాని మీద కాదు, ఆ తంతుకు శిక్షణ అని పేరు పెట్టినవాళ్ళ మీద. నిజం చెప్పాలంటే, ముప్పై ఏళ్ళ కిందటి నా మీద కూడా.

ఆ రోజుల్లో బళ్ళలో పంతులమ్మకు సాయంగా చేసినవాళ్ళు మీలో ఉంటే ఈ మంట అర్థమవుతుంది. శిక్షణకు మండలానికి రమ్మన్నారని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని, కొత్త నోటుపుస్తకం చంకన పెట్టుకొని పెళ్ళికి పోయినట్టు పోయాను. మమ్మల్ని వెనక బెంచీల్లో కూర్చోబెట్టి రెండు రోజులు చప్పట్ల పాటలు, రంగుకాగితాల తోరణాలు నేర్పారు. మూడోరోజు అసలు పాఠం, అంటే చూపు ఆనని పిల్లలను, చెవి వినపడని పిల్లలను ఎలా గుర్తుపట్టాలో చెప్పేది, మొదలవుతుండగా సారు మా వరస వైపు చూసి, “మీరు పోయి ఉప్మా సంగతి చూడండమ్మా, టీచర్లు ఆకలిమీదుండారు” అన్నాడు. పోయి వండాము, వడ్డించాము, గ్లాసులు కడిగాము. సాయంత్రం ఆ పాఠం విన్నట్టు మాచేత సంతకాలు పెట్టించుకున్నారు. సిగ్గులేకుండా నేనూ పెట్టాను.

మా ఎదురింటి అవ్వ మనవరాలు నా తరగతిలోనే ఉండేది. పిలిస్తే పలకదు, లెమ్మంటే లేవదు. మొండిఘటం అనుకొని ఏడాది పొడుగునా దాని చెవి మెలిపెట్టాను. ఒకనాడు బడి వదిలాక రోడ్డు మీద బండల లారీ హారన్ మోగిస్తూ వస్తే పిల్లలంతా పక్కకు పరుగెత్తారు, ఆ పిల్ల మాత్రం లారీకి వీపు పెట్టి తీరిగ్గా రాళ్ళు ఏరుకుంటోంది. రెక్క పట్టి ఇవతలికి లాగాను. అప్పుడు తెలిసింది నాకు. అవ్వకు చెబితే కూలబడిపోయి, “మొండిదని మేమూ కొడ్తాంటిమి. ట్రైనింగు పోయొచ్చినదానివి, నీకే తెలీకపోతే మాకేం తెలుస్తాది తల్లీ” అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత ఆ పిల్లను ఆసుపత్రుల చుట్టూ తిప్పాను.

మేనకోడలి ముందునుంచి కాయల చేట లాగేసి, ఫోనులో మాట పెంచి, మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాను. నా మొహం చూసి అది చేతులు దులుపుకొని పాఠాన్ని మొదటికి జరిపింది.

మా కాలంలో పాఠం జరిగే గదిలోంచి మమ్మల్ని బయటికి పంపేవాళ్ళు. ఇప్పుడు పాఠమే ఇంటికొచ్చి గూట్లో నిలబడుతోంది, సంతకం పోయి వేలితో నొక్కడం వచ్చింది. ఆ అవ్వ మనవరాలు కూడా పెద్దదై మా ఊళ్ళోనే బట్టలు కుడుతోంది. నేను కనిపిస్తే నవ్వుతుంది, కుర్చీ వేస్తుంది. పలకరింపుగా నేను చెయ్యెత్తినప్పుడు మాత్రం, తనకు తెలియకుండానే దాని చెయ్యి చెవి మీదికి పోతుంది.