మావయ్య పగటి నిద్ర

పోయిన నెల మావయ్య పోయారు. అమ్మకు ఆఖరి తమ్ముడు. హైదరాబాదులో అద్దె ఇంట్లో, నిద్రలోనే. సెలవు రోజుల్లో పగలు పడుకునే అలవాటున్న మనిషని పక్కింటివాళ్లకు తెలుసు. అందుకే ఆ ఆదివారం సాయంత్రం దాకా ఎవరూ తలుపు కొట్టలేదట. ఫోనులో ఆ సంగతి చెబుతూ పక్కింటావిడ ఏడ్చారని అమ్మ చెప్పింది.

ఆయన పైలట్. పెళ్లి చేసుకోలేదు. రాత్రంతా నడిపిన విమానం తెల్లవారి విశాఖలో దిగితే, కంపెనీవాళ్లకు చెప్పి, వాళ్లిచ్చిన హోటల్‌కు బదులు అనకాపల్లిలో మా ఇంటికి వచ్చేసేవారు. "హోటల్లో తెర లాగేస్తే ఏ ఊరైనా ఒకటే. ఇక్కడ మీ అమ్మ పోపు వేస్తే ఏ ఊర్లో ఉన్నానో తెలుస్తాది," అనేవారు.

వరండా పక్క గది ఆయనది. కిటికీకి అమ్మ పాత దుప్పటి కట్టేది. గోడ గడియారం తీసి బయట పెట్టేవారు. చప్పుడు చేస్తుందని కాదు, ఇంకా ఎన్ని గంటలుందో చూసుకుంటూ ఉంటే నిద్ర రాదని. లేచాక టీ తాగుతూ, నేనేం చదువుతున్నానో అట్ట చూసి తెలుసుకునేవారు. ఇంటికొచ్చిన వాళ్లంతా "ఏటమ్మా, మాటాడితే ముత్యాలు రాలిపోతాయా?" అని నన్ను ఏడిపించేవారు. ఆయన ఎప్పుడూ అనలేదు. ఇద్దరం చెరో పుస్తకం పట్టుకుని ఒక్క మాట లేకుండా గంటసేపు కూర్చునేవాళ్లం. ఇంకెవరి దగ్గరా నేను అంత సుఖంగా కూర్చోలేదు.

ఒకసారి నేనే అడిగాను, మీ విశ్రాంతికి రూల్సు ఉంటాయి కదా మావయ్యా అని. నవ్వారు. "ఉన్నాయి. రూలేమో ఇంతకంటే తగ్గకూడదంటాది. మా డ్యూటీల రోస్టర్ రాసేవాళ్లు ఇంతకంటే పెరగకూడదని చదువుకున్నారు."

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఒక ఉదయం అలాగే వచ్చి పడుకున్నారు. రాత్రికి మళ్లీ డ్యూటీ. ఎవరొచ్చినా లేపనివ్వొద్దని నాకు చెప్పి అమ్మ బ్యాంకుకు వెళ్లింది. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని చదువుకుంటున్నాను. పదకొండింటికి కశింకోట తాతయ్య, అమ్మకు చిన్నాన్న, బెల్లం మూటతో ఆటో దిగారు.

"మీ మావయ్య వచ్చేడంట. ఏడే?"

"పడుకున్నారు తాతయ్యా."

"పట్టపగలు పడకేటే? జొరవేటి?"

"రాత్రంతా విమానం నడిపారు. మళ్లీ రాత్రికి వెళ్లాలి."

"నానూ రాత్రంతా బెల్లం పొయ్యి కాడ కూకుని, తెల్లారి సెరుకు నరికినోణ్ణే. నానేటి పడిపోనానా? ఒక్కపాలి ఆడి మొకం సూసేసి ఎల్లిపోతాను."

పెద్దవాళ్లు వస్తే లేచి నిలబడాలని కాన్వెంటులో ఎల్‌కేజీ నుంచి నేర్పారు. నేను లేచాను. లేచి, అలవాటుగా కుర్చీ పక్కకు జరిపాను. తాతయ్యకు దారి దొరికింది.

మావయ్య విసుక్కోలేదు. "రండి చిన్నాన్నా" అని లేచి కూర్చున్నారు. పంట, మోకాళ్ల నొప్పి, మనవడి ఉద్యోగం, అన్నీ రెండు గంటలు విన్నారు. తాతయ్య వెళ్లాక మళ్లీ నడుం వాల్చారు గానీ, మంచం కిర్రుమంటూనే ఉంది.

నాలుగింటికి యూనిఫారంలో బయటికి వచ్చారు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు. అప్పటికి ఇంటికొచ్చిన అమ్మ నవ్వుతూ చూపించింది. ఆయన నవ్వలేదు. గుండీల వైపు కాసేపు చూసి, కూర్చుని ఫోన్ చేశారు.

"ఈ రాత్రి నేను నడపలేను. నిద్ర లేదు... అవును, గంటలు ఇచ్చారు. ఇవ్వలేదనడం లేదు. నిద్ర పట్టలేదంటున్నాను... జ్వరమని రాయను. లేని జ్వరం ఎందుకు రాస్తాను?"

వాళ్లకు వేరే పైలట్ దొరకలేదు. విమానం ఆగిపోయింది. సంజాయిషీ అడిగారు. కొన్ని నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. తిరిగి రమ్మన్నప్పుడు, ఇకపై ఇలా చేయనని రాసిమ్మన్నారు. ఆయన రాయలేదు. ఉద్యోగం మానేసి, పైలట్ కావాలనుకునే పిల్లలకు పాఠాలు చెప్పుకున్నారు. మళ్లీ విమానం నడపలేదు. మొదటి రోజు క్లాసులో చెప్పే మాట నాకూ ఒకసారి ఫోనులో చెప్పారు: "'నేను బాగానే ఉన్నాను' అన్నది అలసిపోయినవాడి నోటికే ముందొస్తాది."

ఆయన సంజాయిషీలో తాతయ్య ఊసు గానీ నా ఊసు గానీ లేదు. హైదరాబాదు వెళ్లిపోయే రోజు, నా వల్లే కదా మావయ్యా అని ఏడ్చాను.

"ఇంటికి చుట్టాలొస్తారు. ఒక రోజు నిద్ర చెడుతాది. చెడితే ఆగడానికి కంపెనీ చోటుంచాలి. వాళ్లు ఉంచకపోతే నువ్వేం చేస్తావు?" అన్నారు. సంచీ భుజాన వేసుకుంటూ, "చిన్నాన్నకు మాత్రం చెప్పకు. ఆ వయసులో మోయలేరు."

ఆరేళ్లు చెప్పలేదు. ఈలోగా చుట్టాల్లో మరో మాట పుట్టింది. ఆ రోజు తాగి ఉన్నాడట, అందుకే తీసేశారట. ఏ పెళ్లిలో ఆ మాట విన్నా ప్లేటు పట్టుకుని పక్కకు వెళ్లిపోయేదాన్ని. మావయ్య పోయాక కూడా రోజూ వరండాలోనే చదువుకుంటున్నాను. అప్పటిలాగే ఎవరూ మాట్లాడరు. కానీ పది పేజీలు దాటలేకపోతున్నాను.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక మా వరండాలో ఎవరో మళ్లీ ఆ తాగుడు మాటే ఎత్తారు. తాతయ్య నిట్టూర్చారు. "బంగారంలాటి ఉద్యోగం. తాగుడికి పోగొట్టుకున్నాడు, ఎర్రిబాగులోడు."

"తాగలేదు తాతయ్యా."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. అందరూ తిరిగి చూశారు.

"నిద్ర లేదు. లేదని నిజం చెప్పారు, అంతే. ఆ రోజు ఆయన్ని పడుకోనివ్వాల్సింది నేను. నా చేత కాలేదు."

"నువ్వేటి సేసేవే?"

నేను జవాబు చెప్పలేదు. మావయ్యకిచ్చిన మాటలో అంతే మిగిలింది. తాతయ్య నన్ను చూశారు. నా వెనక మూసి ఉన్న గది తలుపు చూశారు.

"నాను బెల్లం అట్టుకొచ్చిన రోజేనేటి?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. తల దించుకున్నాను.

ఆటో వచ్చిందంటే తాతయ్య లేచారు. చెప్పులు వేసుకోకుండా చంకన పెట్టుకుని, ఆ గది ముందు నుంచి మునివేళ్ల మీద నడిచారు. మా ఇనుప గేటు వేస్తే వీధంతా వినిపిస్తుంది. ఎనభై దాటిన మనిషి దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా, మెల్లగా దగ్గరకు వేశారు.