నీలి పాదాల గురువారం

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ పట్టా చేతికొచ్చి కతర్‌గామ్‌లోని ఒక వజ్రాల కార్ఖానాలో లెక్కలు రాసే ఉద్యోగం దొరికిన కొత్తలో, మనిషి గౌరవం అతని మేజోళ్లలో ఉంటుందని నేను మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణీ నేనే, మేజోళ్లు తొడిగిన మొదటివాణ్ణీ నేనే. ఈ రెంటిలో ఏది గొప్పదని అడిగితే మా అమ్మ కొంతసేపు ఆలోచించి గాని జవాబు చెప్పేది కాదు.

ఆ పరాయి నగరంలోనే, మిల్లుల పేట బమ్రోలిలో, వలసొచ్చిన మా తెలుగువాళ్ల క్రైస్తవ సంఘం ఒక అద్దె హాలులో కూడేది. ఈస్టరుకు ముందు గురువారం సాయంత్రం, ప్రభువు శిష్యుల పాదాలు కడిగినదానికి జ్ఞాపకంగా, పాస్టరుగారు పన్నెండుమందిని కుర్చీల్లో కూర్చోబెట్టి, పళ్లెంలో నీళ్లు పోసి పాదాలు కడిగేవారు. తగ్గింపు నేర్పడానికి ఏర్పడిన ఆ ఆచారాన్ని మేము ఎంతో భక్తితో హెచ్చింపుగా మార్చుకున్నాం. అక్కడ కుర్చీ దొరకడమంటే పెళ్లి విందులో మొదటి బంతి దొరికినట్టే. (ఆ మధ్యాహ్నం పన్నెండు ఇళ్లలోనూ పాదాలను పీచుతో, రాయితో ఎంతగా రుద్దేవారంటే, పాస్టరుగారికి కడగడానికి ఏమీ మిగిలేది కాదు.) బట్టలకు రంగులద్దే మిల్లులో పనిచేసేవాళ్లు మాత్రం ఆ కుర్చీల దరిదాపులకు వచ్చేవారు కాదు. వాళ్ల గోళ్లలో, మడమల పగుళ్లలో ఇంకిన రంగు ఏ సబ్బుకూ లొంగదు. మా బాపూ వాళ్లలో ఒకడు. ఏటా పిలిచినప్పుడల్లా "నాకెందుకయ్యా, సదువుకున్నోళ్లను కూసోబెట్టుండ్రి" అంటూ గోడవైపు జరిగేవాడు.

ఆ ఏడు పిలుపు నాకు వచ్చింది. బాపు మిల్లంతా చెప్పుకున్నాడు. అమ్మ మా సొంతూళ్లోని బంధువులందరినీ వీడియో కాల్‌లో కలిపి, ఫోను చెల్లెలి చేతికిచ్చి నిలబెట్టింది. నేను తోపుడుబండి దగ్గర ముదురు నీలం మేజోళ్లు కొని, ఉతకకుండానే తొడిగి, ఎండలో షేర్ ఆటోలో నలిగి వచ్చి, బూట్లు గుమ్మం బయట విడిచి, మేజోళ్లతోనే దర్జాగా కూర్చున్నాను. నా వంతుకు ఇంకా కొంచెం ఉండగా, ఎందుకో చెమ్మగా అనిపించి మేజోడు అంచు దించి చూశాను. చీలమండ నీలంగా ఉంది. ఇంకాస్త దించాను. ఇంకాస్త నీలంగా ఉంది. నా పట్టా, మిల్లులో బాపు చెప్పుకున్న గొప్ప, రెండూ కలిసి ఆ పళ్లెంలో మునగబోతున్నాయని అర్థమైంది.

పాస్టరుగారు నా ముందు మోకరించారు.

"అయ్యగారూ, నాకు జలుబు చేసింది" అన్నాను (నా చదువు ఆ క్షణంలో నాకు అందించిన ఉపాయం అదొక్కటే).

"జలుబు ముక్కుకు కదా బాబూ" అని ఆయన మేజోడు లాగేశారు.

నీళ్లు సిరా అయ్యాయి. చెల్లెలు బాగా కనబడాలని ఫోను దగ్గరికి తెచ్చింది. అందులోంచి మా మేనమామ గొంతు ఖంగుమంది: "ఏ మిల్లు సరుకే అది? గింత కచ్చాగున్నదేంది రంగు, నీళ్లల్లనే దిగిపోతున్నది? కొనకుండ్రి!"

"మామా, సరుకు కాదు! అన్న కాలు!"

హాలు పైకప్పు లేచిపోయేటట్టు నవ్వారు. గోడ దగ్గర నుంచి బాపు లేవడం చూసి, ఇక ఇంటికి లాక్కుపోతాడనుకున్నాను. ఆయన నేరుగా వచ్చి, సంఘపెద్ద ఒకాయన రాక ఖాళీగా ఉన్న నా పక్క కుర్చీలో కూర్చుని, ప్యాంటు మడిచాడు.

"మావోనిది కచ్చా రంగు, అయ్యగారూ. మాది పక్కా. జర చూడుండ్రి."

పాస్టరుగారు నీళ్లు మార్చి, ఆ పాదాలను చాలాసేపు కడిగారు. బాపు గోళ్లలో ఎరుపూ పసుపూ ఆకుపచ్చా అట్లాగే ఉన్నాయి. నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. కడుగుతున్నాయన తల ఎత్తి నవ్వారు. కడిగించుకుంటున్నాయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. "అరే, గట్లయితె నేను గూడ!" అంటూ గోడవైపు నుంచి మిల్లువాళ్లు ఒకరి వెనుక ఒకరు ప్యాంట్లు మడుచుకుంటూ వచ్చారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ రంగుల పాదాల వరుసలో నావి ఎవరి కంటికీ ఆనలేదు.

ఇప్పుడు నేను కొంటున్నవి రంగు దిగని, ఖరీదైన మేజోళ్లు. ఆనాటి నీలం పూర్తిగా పోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. కార్ఖానాలో ఎవరి ముందూ బూట్లు విప్పకుండా నెట్టుకొచ్చాను. అయితే ఆఖరి నీలిచార కూడా మాయమైన ఉదయాన, స్నానాల గదిలో ఒంటికాలి మీద నిలబడి, పాదాన్ని అటూ ఇటూ తిప్పుతూ, దానికోసం కాసేపు వెతుక్కున్నాను.