బరువెక్కిస్తేనే వచ్చే చప్పుడు

ఆరో క్లాసుతోనే బడికి దండం పెట్టినవాణ్ణి. అయినా మా పాత పికప్ జబ్బులన్నీ నాకే తెలుసని నా గొప్ప. ఫిజీలో నౌసోరి దగ్గర మాకు దాలో దుంపల తోట ఉంది. అన్నయ్య బస్తాలు బండికెత్తి నా పక్కన కూర్చునేవాడు. నేను మార్కెట్టుకి నడిపేవాణ్ణి.

ఆ ఏడు ఇంజన్లో ఈల లాంటి చప్పుడు మొదలైంది. ఖాళీ బండిలో రాదు, బరువెక్కిస్తేనే వస్తుంది. బస్తాలేసి మరీ మెకానిక్ దగ్గరికి నేనొక్కణ్ణే తీసుకెళ్తే, డాక్టర్ని చూడగానే తగ్గిపోయే కడుపునొప్పిలా మాయమైంది. ఫ్యాన్ బెల్టు మార్చాను. మళ్ళీ అదే ఈల.

"అన్నా, నీ బండికి నీ బుద్ధే వచ్చింది. పని చెబితే మూలుగుతాది."

"మూలిగినా మోస్తాది కదరా. నడుపు, లేట్ హోయ్ జాయీ," అని ఆలస్యమైపోతుందన్నట్టు మా ఫిజీ హిందీలో తొందరపెడుతూ నవ్వేవాడు అన్నయ్య.

ఒక ఉదయం వంతెన దగ్గర ట్రాఫిక్ నిలిచిపోతే ఇంజన్ ఆపాను. చప్పుడు ఆగలేదు.

పక్కకు తిరిగాను. అన్నయ్య పెదవులు నల్లబడి ఉన్నాయి. చొక్కాని గుండె దగ్గర గుప్పిటతో పట్టుకుని ఊపిరి లాగుతున్నాడు. లాగినప్పుడల్లా ఆ ఈల.

"బెల్టు... మళ్ళీ చూడరా," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. బస్తాలతో సహా ఆసుపత్రికి పోనిచ్చాను. గుండె జబ్బు ముదిరిపోయిందన్నారు డాక్టర్లు. దీపావళి దాకా ఉన్నాడు.

ఇప్పుడు బస్తాలు నేనే ఎక్కిస్తాను. ఎంత బరువేసినా బండి ఈల వెయ్యదు. అయినా ఆ వంతెన దగ్గర ట్రాఫిక్ నిలిచిందంటే, ఇంజన్ ఆపి కాసేపు వింటాను.