అద్దం ముందు వెర్నా ప్రసంగం

మా మేకప్ బండిలో ఒకటే చట్టం. లోపల విన్నదీ చూసిందీ బండి మెట్లు దిగకూడదు. ముప్ఫై ఏళ్లుగా హాలీవుడ్ పక్కన బర్‌బ్యాంక్ స్టూడియోల్లో కొత్తగా చేరినవాళ్లకి ఆ చట్టాన్ని నూరిపోసింది నేనే. దాన్ని తుంగలో తొక్కిందీ నేనే.

వెర్నా పిట్‌మన్ పంతొమ్మిదేళ్లు ఒకే హీరోయిన్‌కి బదులుగా నిలబడింది. నటించడానికి కాదు. లైట్లు సరిచేసినంతసేపూ హీరోయిన్ తన గదిలో కాళ్లు చాపుకుని కూర్చుంటే, అదే ఎత్తు, అదే జుట్టురంగు ఉన్న మనిషి ఆ చోట కదలకుండా నిలబడాలి. హీరోయిన్ జుట్టుకి ఎర్రరంగు వేయించుకుంటే వెర్నా కూడా వేయించుకునేది. అంతా సిద్ధమయ్యాక "థాంక్స్ వెర్నా, ఇక తప్పుకో" అనేవారు. తప్పుకునేది. "నేను నిలబడితేనే కదే ఆవిడ మొహం వెలిగేది" అనేది నాతో. ఆ మాటలో గర్వమే తప్ప ఏడుపు ఉండేది కాదు.

హీరోయిన్‌కి పెద్ద అవార్డు వచ్చిన మర్నాడు నేను బండి దగ్గరికి వెళ్లేసరికి లోపల మాటలు వినిపించాయి. తలుపు సందులోంచి చూశాను. వెర్నా అద్దం ముందు నిలబడి, హెయిర్‌స్ప్రే డబ్బాని గుండెలకి హత్తుకుని, అవార్డు అందుకున్నదానిలా ప్రసంగిస్తోంది. కళ్లలో నీళ్లు మాత్రం నిజమైనవే. చివరిదాకా విని, గట్టిగా దగ్గి లోపలికి వెళ్లాను. ఇద్దరం ఏమీ ఎరగనట్టే కాఫీ తాగాం. తర్వాత ఏ రోజూ ఆ ఊసెత్తలేదు.

హీరోయిన్ సినిమాలు మానేశాక వెర్నాని పిలిచినవాళ్లు లేరు. నాకు పని దొరుకుతూనే ఉంది. అలా డెక్స్టర్ అనే కుర్ర డైరెక్టర్ కామెడీ సినిమాలో చేరాను. సినిమావాళ్ల బడాయిలన్నిటినీ ఉతికి ఆరేసే కథ. అందులో హీరో పెంపుడు కుక్కకి కూడా సొంత బండి, సొంత మేనేజరు.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర డెక్స్టర్ ప్లేటు పట్టుకొచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు. తారల గురించి తలా ఒక కథ చెబుతున్నారు.

"నువ్వూ ఒకటి వదులు ఒఫీలియా. ముప్ఫై ఏళ్ల సరుకుంది నీ దగ్గర" అన్నాడు.

"ఆవిడ దగ్గరేముంటాయి సార్, పౌడరు కబుర్లు తప్ప" అన్నాడు జుట్టు దువ్వే రమీరో.

నాకు ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్లలో ఒక డైరెక్టర్ నా పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. లేచి నిలబడ్డాను, ఉప్పు సీసా గుండెలకి హత్తుకున్నాను, వెర్నా గొంతు పెట్టి ఆ ప్రసంగం చేశాను. బల్లంతా పొట్ట పట్టుకుని నవ్వింది. రమీరో కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు తెలియలేదు.

నెల తిరక్కుండా అది సీనైపోయింది. అందులో వెర్నాలా చేసిన నటికి మేకప్ నేనే చేశాను. వెర్నా గడ్డం మీది పుట్టుమచ్చ కూడా నా చేత్తోనే పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాత సినిమా పొడవు ఎక్కువైందనీ, ఆ సీను ఎగిరిపోయిందనీ డెక్స్టర్ చెప్పాడు. నా గుండె కుదుటపడింది. అందుకే పనిచేసినవాళ్లకి సినిమా చూపించే శనివారం పొద్దున నాతో వెర్నాని తీసుకెళ్లాను. ఒక్కరిని వెంట తెచ్చుకోవచ్చు మరి. పాపం, జుట్టు ఉంగరాలు తిప్పించుకుని వచ్చింది.

డెక్స్టర్ ఆ సీను మళ్లీ కలిపేశాడు. నాకు చెప్పాలని ఎవరికి తోస్తుంది?

తెర మీద ఆ పుట్టుమచ్చ కనబడింది. హాలు హాలంతా ఒకటే నవ్వు. వెర్నా నవ్వలేదు, కదల్లేదు. లైట్ల కింద ఎలా నిలబడేదో అలాగే కూర్చుంది. లేచి పారిపోదామంటే చివర పేర్లన్నీ అయ్యేదాకా మావాళ్లు ఎవరూ లేవరు. ఎవరి పేరొస్తే వాళ్లకి తోటివాళ్లు చప్పట్లు కొట్టాలి. నా పేరు రెండుసార్లు పడింది. ఒకటి మేకప్ కింద, ఒకటి 'సరదా సంగతులు చెప్పినందుకు కృతజ్ఞతలు' కింద. రెండిటికీ వెర్నా చప్పట్లు కొట్టింది. సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను.

బయట కారు దగ్గర తనే నోరు తెరిచింది.

"ఆ రోజు దగ్గకముందే తలుపు దగ్గర ఉన్నావన్నమాట."

"నన్ను తిట్టు వెర్నా. రెండు తగిలించు."

"తిట్టి ఏం చేస్తానే. ఒకటి మాత్రం అడుగుతాను. మొదట ఎవరి పేరు చెప్పానో విన్నావా?"

విన్నాను. నా పేరే. బదులు నిలబడేవాళ్లకి మేకప్ అక్కర్లేదని అందరూ అంటే, రోజూ తెల్లారకముందే తన మొహానికి పౌడరద్ది, నువ్వూ మనిషివేనని గుర్తుచేసే ఒఫీలియాకి ఈ అవార్డు అంది. బల్ల దగ్గర ఆ ముక్క చెబితే నవ్వు చెడుతుందని నేనే కోసేశాను.

"లేదు. నేను మధ్యలో వచ్చాను" అన్నాను.

"అదీ సంగతి. విని ఉంటే వాళ్లకి చెప్పేదానివి కావు" అంది వెర్నా, నా చెయ్యి పట్టుకుని. "విను, ఇప్పుడు చెప్తాను."

మొదటిసారి వింటున్నట్టు మొహం పెట్టి, మొత్తం విన్నాను.