పదింటికీ సున్నాలే

ఐర్లండ్‌లోని లిమరిక్‌లో జ్ఞానేశ్వరిది పరిశోధన ఉద్యోగం. కోవిడ్ రోజుల్లో కాన్పయిన తెలుగు తల్లులకు ఫోన్ చేసి, అప్పటి మనసు సంగతి పది ప్రశ్నలడగాలి. దిగులు లేదంటే సున్నా వేయాలి. మూడు వారాలుగా అన్నీ సున్నాలే. పరాయివాళ్ళ దగ్గర బయటపడకూడదన్న పెంపకం మరి! ఆమెకు విసుగొచ్చేసింది.

రింగాస్కిడీలో మందుల కంపెనీలో పనిచేసే సుధేష్ణ కూడా పదింటికీ "అబ్బే, బానే ఉన్నానండీ, ఇక్కడివాళ్ళన్నట్టు గ్రాండ్" అనే చెప్పింది. చివర్లో మర్యాదకి అడిగింది: "మీకూ పిల్లలున్నారా?"

"పాపండీ. ఆ కోవిడ్ రోజుల్లోనే పుట్టింది. ఆస్పత్రిలోకి మావారిని రానివ్వలేదు."

"అయ్యో! మరెలా ఉన్నారండీ అప్పుడు?"

బానే ఉన్నాననబోయి, ఆ అబద్ధానికి కూడా ఓపిక లేక జ్ఞానేశ్వరి ఆగిపోయింది. "బాలేదండీ. నెలరోజులు పాపని ఎత్తుకోబుద్ధి కాలేదు."

"మొదటి ప్రశ్న మళ్ళీ అడగండి," అంది సుధేష్ణ.