పట్టకారుకి దొరికిన ఉద్యోగం

వీధి మొదట్లో కుట్టుమిషను పెట్టుకున్న టైలరుగారికి దుకాణంలో నాలుగు కత్తెరలు, తొమ్మిది రకాల సూదులు. ఇంట్లో రిపేర్లకి మాత్రం ఒకటే పట్టకారు. మేకు పీకాలన్నా అదే, మేకు దిగ్గొట్టాలన్నా అదే. దాని పుణ్యమా అని ఇంట్లో నట్లన్నీ అంచులరిగి గులకరాళ్లలా నున్నగా తయారయ్యాయి.

వంటింటి కుళాయి కారడం మొదలుపెట్టి మూడోరోజు. పాలగిన్నె పొయ్యి మీద పెట్టిన భార్య, పట్టకారుతో వస్తున్న ఆయన్ని చూసి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పోయినసారి స్నానాలగది కుళాయి బాగుచేసి ఇల్లంతా చెరువు చేశారు. ఈసారి గానీ చెడగొట్టారో, మీ పనిముట్ల పెట్టె పాత ఇనుము వాడికిచ్చేస్తా. ఒట్టు!"

ఆవిడ ఒట్టంటే ఒట్టే. ఎప్పటికైనా పనికొస్తాయని ఇరవయ్యేళ్లుగా ఏరి దాచుకున్న మరలు, బందులు, వైరుముక్కలు అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. టైలరుగారు ఆవిడ పక్కనుంచి వంటింట్లోకి దూరాడు. భయపడుతూనే నట్టుకి పట్టకారు వేశాడు. జర్రున జారింది.

"ఆగండాగండి! మీ గుడ్డ కత్తెరతో నేను కాగితం కోసిన రోజు ఏమన్నారు?"

"ఏమన్నాను?"

"గుడ్డకి గుడ్డ కత్తెర, కాగితానికి కాగితం కత్తెర అని వీధంతా వినేలా అరవలేదూ? మరి నట్టుకి నట్టు కత్తెర అక్కర్లేదా?"

ఆయన పకపకా నవ్వాడు. పొయ్యి ఆర్పించి, చెప్పులేసుకుని ఇనప సామాన్ల కొట్టుకి పరిగెత్తాడు.

"ఒక నట్టు కత్తెర ఇవ్వండి!"

కొట్టాయన తెల్లబోయి, సంగతి విన్నాక, నట్టుని బట్టి నోరు పెంచి తగ్గించుకునే స్పానరు తీసిచ్చాడు. "నట్టు చుట్టూ సందు లేకుండా బిగించాకే తిప్పాలి మాస్టారూ. వాషరు కూడా కావాలా? అరిగినది తెండి. కొలతలు లేకుండా చొక్కా కుడతారా మీరు?"

దాంతో రెండు ప్రయాణాలు. మొదటిసారి ఇంటికొచ్చి నీళ్ల వాల్వు కట్టేశాడు. కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు వదిలేశాడు. మరలు జారిపోకుండా సింకు కన్నంలో ఒక మసిగుడ్డ కుక్కాడు, నట్టుకి గీతలు పడకుండా రెండోది చుట్టాడు. స్పానరు తిప్పితే కొత్త కత్తెర గుడ్డలో నడిచినట్టు నట్టు మెత్తగా కదిలింది. అరిగిన వాషరు జేబులో వేసుకుని మళ్లీ కొట్టుకెళ్లి, పక్కన పెట్టి సరిచూసుకుని కొత్తది తెచ్చి బిగించాడు.

ఆవిడ పొయ్యి మళ్లీ వెలిగించింది. ఆయన వాల్వు తిప్పాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కుళాయి కేసి చూశారు. ఒక చుక్క వేలాడి, వేలాడి, టప్పున పడింది.

"పెట్టె..." అంది ఆవిడ.

"ఉండవే, అది అంచున మిగిలింది!"

రెండో చుక్క రాలేదు. ఇంకాసేపు చూశారు. రాలేదు.

ఇంతలో పాలు బుస్సుమని పొంగుకొచ్చాయి. దింపుదామంటే మసిగుడ్డలు రెండూ కుళాయి దగ్గరే తడిసి ముద్దయ్యాయి. టైలరుగారు పట్టకారు అందుకుని, గిన్నె అంచు పట్టి, ఒక్క చుక్క ఒలకకుండా దించేశాడు.

"హమ్మయ్య! ఇన్నేళ్లకి దీనికి తగిన ఉద్యోగం దొరికింది" అంటూ ఆవిడ దాన్ని పొయ్యి పక్కన మేకుకి తగిలించింది. పనిముట్ల పెట్టెని తనే తీసుకెళ్లి మంచం కిందికి తోసింది.

"చూడూ," అన్నాడాయన పట్టకారు కేసి వేలు చూపిస్తూ, "దాంతో నట్లు తిప్పావంటే ఊరుకోను!"