రాయడమా, అలకడమా

ముందే ఒప్పుకుంటాను, నా నోట్లో పడిన పిల్లి పులై బయటికొస్తుంది. మా ఆవిడ నా మాటల్లో సగం కొట్టేసి, మిగిలినదాంట్లో సగమే నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి.

నేను నౌపడ ఉప్పు మడుల్లో సూపర్‌వైజర్‌ని. అక్కడ పైన సూర్యుడు ఒక్కడే, కింద ఉప్పు గుట్టల్లో పదివేలమంది. ఈ వేసవిలో నా మొహమంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. బుగ్గకు అప్పడం ఆనిస్తే కాలేది. శ్రీకాకుళంలో చర్మం డాక్టరమ్మ సన్‌స్క్రీన్ ఇచ్చి, "దీనికీ తగ్గకపోతే ఎండ పని మానేయాలి" అంది. అంటే గోదాములో కుర్చీ వేసుకుని బస్తాలకు కాపలా కాయడం. పావుగంట కూర్చుంటే నా కాళ్లు నన్నొదిలేసి వెళ్లిపోతాయి.

రోజూ రాసుకున్నాను. తగ్గలేదు. గోక్కోకూడదన్నారని ఇల్లంతా తిరిగాను. గచ్చు అరిగి పునాది కనిపించింది.

మళ్లీ వెళ్లాం.

"రాసుకోవట్లేదా?" అంది డాక్టరమ్మ.

"రాత్తన్నాడమ్మా, నా కళ్లతో సూత్తన్నాను" అంది మా ఆవిడ.

"ఎంత రాస్తున్నారో చూపించండి."

వేలి కొసన పెసరగింజంత తీసి, నుదుటి నుంచి మెడ దాకా సాగదీశాను.

"ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ యాభై అని వేశారు కదా, ఎండని ఎంత ఆపుతుందో చెప్పే కొలత. అది పరీక్షలో మనిషి వీపు మీద మందంగా పూసి తేల్చిన అంకె. ఇంత పల్చగా లాగితే ఆ యాభై మీకు దక్కదు. రెండు వేళ్ల పొడవునా పిండి మొహానికీ మెడకీ పట్టించాలి. ఎండలో ఉన్నంతసేపూ రెండేసి గంటలకు మళ్లీ."

"రాయమంటే రాసినాడు. అలకమనుంటే అలికీసీవోడు కాదేటి?" అంది మా ఆవిడ. "మాట సరిగ్గా సెప్పాల గదమ్మా."

డాక్టరమ్మ ట్యూబు తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది. "సరే, అలకండి."

మర్నాటి నుంచి మా ఆవిడే అలుకుతోంది, చెవుల వెనకా ముక్కు పక్కలా వదలకుండా. ముగ్గొక్కటే తక్కువ. మడుల్లో ఉప్పు పోగేసే ఆడవాళ్లు నన్ను చూసి పారలు దించేశారు.

"మొహం మీద కూడా ఉప్పు పండిత్తన్నావేటి, బావా?" అంది ఒకామె.

"గుట్ట పక్కన నిలబడకు, బస్తాలోకి ఎత్తీగల్రు" అంది ఇంకొకామె.

కొన్నాళ్లకు దద్దుర్లు మాయమయ్యాయి. డాక్టరమ్మ చూసి, హాయిగా మడుల్లోనే తిరగమంది.

కల్పించింది ఈ చివరి రెండు వాక్యాలే. డాక్టరమ్మ చూసేది రేపు. అద్దంలో ఎరుపు తగ్గినట్టుంటుంది, కిటికీ దగ్గరికెళ్తే తగ్గనట్టుంటుంది. ఇది రాస్తూ ఎన్నిసార్లు లేచి చూసుకున్నానో.

"ఒక్క సోట కూకో మావా" అంటోంది మా ఆవిడ.

కూర్చోవాల్సొస్తుందనే కదా నా భయం.